మధ్య కక్ష్యలో బ్రాడ్‌బ్యాండ్ ఉపగ్రహాలు: తిరుపతి వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

నేను తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం షార్‌లో ప్రయోగం ఉందంటే చాలు, ఆ వారమంతా నాకు ప్రశ్నలే. పిల్లలు అడుగుతారు, వాళ్లను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు అడుగుతారు, టీ కొట్టు దగ్గర పక్కింటాయన అడుగుతాడు. ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్నది శాటిలైట్ ఇంటర్నెట్. అందులో మధ్య కక్ష్య గురించి తెలుగులో రాసింది తక్కువ. అందుకే నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నల్ని ఒకచోట పెట్టి, తీరిగ్గా జవాబులు రాస్తున్నాను.

అసలు మధ్య కక్ష్య అంటే ఎక్కడ సార్?

నేల నుంచి 2,000 కిలోమీటర్ల లోపు తిరిగేది దిగువ కక్ష్య. 35,786 కిలోమీటర్ల దగ్గర ఉండేది భూస్థిర కక్ష్య. ఈ రెంటి నడుమ ఉన్నదంతా మధ్య కక్ష్యే. భూస్థిర కక్ష్యలో ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకు ఆకాశంలో మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంటుంది. మన మిద్దె మీద టీవీ డిష్‌ను ఒకసారి బిగించాక మళ్లీ కదిలించే పని లేకపోవడం అందువల్లే.

మధ్య కక్ష్య పేరు వినకపోయినా మీరు రోజూ దాన్ని వాడుతున్నారు. ఫోన్లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో అక్కడే తిరుగుతున్నాయి. జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ నావిక్ మాత్రం ఇంకా పైన, భూమి తిరిగే వేగానికి సరిపోయే కక్ష్యల్లో ఉంటుంది.

బ్రాడ్‌బ్యాండ్ కోసం మధ్య కక్ష్యను ఎంచుకుని నిలబెట్టిన వ్యవస్థ ఓ3బీ. ఇంటర్నెట్ అందని 'మిగతా 300 కోట్ల మంది' అన్న అర్థంలో ఆ పేరు పెట్టారు. గ్రెగ్ వైలర్ అనే అమెరికా వ్యాపారవేత్త 2007లో మొదలుపెట్టిన ఈ సంస్థను లక్సెంబర్గ్‌కు చెందిన ఉపగ్రహాల కంపెనీ ఎస్‌ఈఎస్ 2016లో పూర్తిగా తీసుకుంది. దాని ఉపగ్రహాలు 8,062 కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా భూమధ్యరేఖ మీదుగా తిరుగుతాయి. ఈ పేజీలో మధ్య కక్ష్య అన్నప్పుడల్లా నా మనసులో ఉన్నది ఈ ఎత్తే.

అంత ఎత్తే ఎందుకు? కిందికి పెట్టొచ్చుగా, లేదా ఇంకా పైకి?

అలిపిరి నుంచి కొండ నడిచి ఎక్కినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పాదాల మండపం దగ్గర నిలబడితే ముందున్న రోడ్డు కనిపిస్తుంది, అంతే. గాలిగోపురం దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే తిరుపతి ఊరంతా పరుచుకుని కనిపిస్తుంది. కానీ అక్కడి నుంచి కింద ఉన్న మనిషిని కేకేస్తే వినపడదు. ఎత్తు పెరిగితే చూపు పెరుగుతుంది, మాట అందడం కష్టమవుతుంది. ఉపగ్రహాలకూ ఇదే బేరం.

దిగువ కక్ష్యలో 550 కిలోమీటర్ల దగ్గర ఉపగ్రహం పెడితే సిగ్నల్ చిటికెలో వచ్చేస్తుంది. కానీ ఒక్కో ఉపగ్రహానికి కనిపించే నేల తక్కువ కాబట్టి వేలల్లో కావాలి. భూస్థిర కక్ష్యలో మూడు పెడితే ధ్రువ ప్రాంతాలు తప్ప దాదాపు భూమంతా కనిపిస్తుంది. కానీ మన మాట పైకి పోయి, కిందికి వచ్చి, జవాబు మళ్లీ పైకి పోయి, కిందికి రావాలంటే కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను పడుతుంది. మిగతా పరికరాల్లో పోయే సమయం కూడా కలిస్తే 0.6 సెకను. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి, 'మీరు చెప్పండి, మీరు చెప్పండి' అనుకునేది ఇక్కడే.

8,062 కిలోమీటర్ల దగ్గర ఈ ఆలస్యం అన్నీ కలిపి సుమారు 0.15 సెకను. మాటకు అడ్డం రాదు. భూమధ్యరేఖ చుట్టూ ఆరు ఉపగ్రహాలుంటే సేవ మొదలుపెట్టేయొచ్చు. ఆ తర్వాత జనం పెరిగేకొద్దీ కలుపుకుంటూ పోవచ్చు.

ఇది కొత్త ఆలోచనా?

కాదు. 1962 జూలై 10న అమెరికా పంపిన టెల్‌స్టార్ ఉపగ్రహం దీర్ఘవృత్తంలో తిరుగుతూ 5,900 కిలోమీటర్ల పై వరకూ వెళ్లి వచ్చేది. అట్లాంటిక్ సముద్రం ఆవలికి టీవీ బొమ్మను ప్రత్యక్షంగా చేరవేసింది అదే. దాని కథ రేడియేషన్ ప్రశ్న దగ్గర మళ్లీ వస్తుంది.

రాకెట్ నేరుగా ఆ ఎత్తుకు పోయి వదిలేస్తుందా?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. చాలామంది లిఫ్టు ఎక్కి పై అంతస్తులో దిగినట్టు ఊహించుకుంటారు. కక్ష్యలో లిఫ్టు లేదు. అక్కడ ఎత్తు ఒక్కటే కాదు, ఆ ఎత్తుకు తగిన అడ్డ వేగం కూడా ఉండాలి. అది లేకపోతే ఎంత పైకి పోయినా రాయిలా తిరిగి వచ్చేస్తుంది.

మెట్టు మెట్టుగా చూద్దాం. ముందు రాకెట్ 200 కిలోమీటర్ల దగ్గర ఒక తాత్కాలిక కక్ష్య పట్టిందనుకోండి. అక్కడ వేగం సెకనుకు 7.8 కిలోమీటర్లు. ఇప్పుడు రాకెట్‌లో చివరిగా మిగిలే భాగం, అంటే పై దశ, ఇంజిన్ వెలిగించి ఇంకో 1.3 కిలోమీటర్ల వేగం కలిపితే, గుండ్రంగా ఉన్న దారి కోడిగుడ్డులా సాగుతుంది. కింది కొస 200 దగ్గరే ఉంటుంది, పై కొస 8,062 దగ్గరికి పోతుంది. ఇంజిన్ ఆపేసి ఊరుకుంటే చాలు, ఉపగ్రహం దానంతటదే సుమారు గంటన్నర పాటు పైకి తేలుతూ పోతుంది. పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. పై కొసకు చేరేసరికి వేగం 4.2కు పడిపోతుంది.

అక్కడ రెండోసారి ఇంజిన్ వెలగాలి. ఆ ఎత్తులో గుండ్రంగా తిరగాలంటే 5.25 కావాలి. అంటే ఇంకో 1.1 కలపాలి. ఆ రెండో తోపు పడకపోతే ఉపగ్రహం మళ్లీ కింది కొసకే జారిపోతుంది. గంటన్నర పాటు గడ్డకట్టే చలిలో, భారరహిత స్థితిలో తేలిన ఇంజిన్, ట్యాంకులో ఇంధనం ఉండలు ఉండలుగా తేలుతున్నప్పుడు, మళ్లీ మొదటిసారి లాగే వెలగాలి. టీవీలో మనం చప్పట్లు కొట్టేది నిప్పులు చిమ్ముతూ లేచిన నిమిషంలో. నాకు మాత్రం టెన్షన్ ఈ రెండో వెలుగు దగ్గరే.

ఓ3బీ మొదటి తరాన్ని పంపింది ఈ పద్ధతిలోనే. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో కౌరూ అనే చోటు నుంచి రష్యా సోయజ్ రాకెట్ మీద, ఒక్కో విడతకు నాలుగేసి. 2013 జూన్ 25న మొదటి నాలుగు, 2014 జూలైలో, డిసెంబరులో చెరో నాలుగు, 2018 మార్చిలో నాలుగు, 2019 ఏప్రిల్‌లో చివరి నాలుగు. మొత్తం 20. ఒక్కొక్కటి సుమారు 700 కిలోలు. సోయజ్ పై దశ పేరు ఫ్రెగాట్. అది మళ్లీ మళ్లీ వెలిగే ఇంజిన్. బయల్దేరిన రెండు గంటల పైచిలుకు తర్వాత రెండేసి చొప్పున, ఎదురెదురు దిక్కులకు ఉపగ్రహాల్ని మెల్లగా తోసి వదిలింది. అవి దిగింది దాదాపు వాటి సొంత ఇంటి గుమ్మంలోనే.

రెండో తరం ఎంపవర్. వీటిని బోయింగ్ తయారుచేసింది. ఇవి అమెరికాలోని కేప్ కెనావరల్ వైపు నుంచి ఫాల్కన్ 9 రాకెట్ మీద రెండేసి చొప్పున వెళ్లాయి. 2022 డిసెంబరు 16న మొదటి జత, 2025 జూలై నాటికి పది. వీటి పద్ధతి వేరు. రాకెట్ దారి మధ్యలోనే వదిలేస్తుంది. మిగతా ప్రయాణం ఉపగ్రహం తన సొంత ఎలక్ట్రిక్ ఇంజిన్‌తో చేసుకుంటుంది. ఆ తోపు ఎంత చిన్నదంటే, అరచేతిలో కాగితాలు పెట్టుకుంటే తెలిసే బరువు లాంటిది. కానీ అది రోజులు, వారాలు ఆగకుండా తోస్తూనే ఉంటుంది. నెలల తరబడి చుట్టలు చుట్టుకుంటూ పైకెక్కుతుంది. ఇంధనం బాగా తక్కువ పడుతుంది, సమయం బాగా ఎక్కువ పడుతుంది. 2022 డిసెంబరులో మొదలైన ఎంపవర్, ఆరు ఉపగ్రహాలు చేరాక 2024 ఏప్రిల్‌లో గానీ సేవ మొదలుపెట్టలేదు.

మన శ్రీహరికోట నుంచి ఎందుకు పంపలేదు?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అందుకే ఈ ప్రశ్నలో ఇప్పుడు కాస్త సొంతదనం వినిపిస్తోంది. నాకూ అది ఉంది.

ముందు భూగోళం సంగతి. ఓ3బీ కక్ష్య భూమధ్యరేఖ మీద ఉంది. కౌరూ ఆ రేఖకు 5.2 డిగ్రీల దూరంలో ఉంది, శ్రీహరికోట 13.7, కేప్ కెనావరల్ 28.5. ప్రయోగించే చోటు ఆ రేఖకు ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో, తూర్పుకు పంపినా కక్ష్య కనీసం అంత వాలుతో మొదలవుతుంది. ఆ వాలును సరిచేయాలంటే దారి పక్కకు తిప్పాలి. వేగంగా పోయేదాన్ని తిప్పడం కష్టం. అలిపిరి టోల్‌గేటు దగ్గర మెల్లగా కదిలే బస్సును పక్కకు తిప్పినట్టు నాయుడుపేట హైవే మీద దూసుకుపోయే బస్సును తిప్పలేం. అందుకే ఈ మలుపును పై కొసలో, వేగం తక్కువగా ఉన్నచోట, రెండో తోపుతో కలిపి చేస్తారు.

పదో తరగతి పిల్లలతో బోర్డు మీద ఈ లెక్క వేయించాను. 200 కిలోమీటర్ల నుంచి మొదలుపెడితే, పైన ఇవ్వాల్సిన రెండో తోపు కౌరూ నుంచి అయితే సెకనుకు 1.2 కిలోమీటర్లు, శ్రీహరికోట నుంచి 1.6, కేప్ కెనావరల్ నుంచి 2.5 వచ్చింది. లెక్క పూర్తయ్యాక వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, 'అయితే సార్, మనం అమెరికా కంటే దగ్గర కదా!' అన్నాడు. అవును నాన్నా, దగ్గరే. అసలు ప్రయోగంలో కింద ఉన్న దేశాల భద్రత చూసుకుని దిశ కొంచెం మార్చాలి కాబట్టి మన వాలు 13.7 కంటే ఇంకాస్త పెరుగుతుంది. అయినా చోటు మంచిదే.

మరి అడ్డం ఏమిటంటే, నా లెక్కలో రెండు. ఒకటి, పైన చెప్పిన రెండో వెలుగు. ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 పై దశలో ఉన్న సీఈ-20 క్రయోజెనిక్ (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే) ఇంజిన్‌ను ఒకసారి వెలిగించి ఆపడానికే వాడుతూ వచ్చారు. ఆకాశంలో మళ్లీ వెలిగించే పనికి తమిళనాడులోని మహేంద్రగిరిలో పరీక్షలు చేస్తూ వచ్చారు. అది చేతికి వచ్చేదాకా, కోడిగుడ్డు దారిలో వదిలి, మిగతాది ఉపగ్రహం సొంత ఇంజిన్‌కే అప్పజెప్పాలి. ఎంపవర్ లాంటి ఎలక్ట్రిక్ ఉపగ్రహాలకు అది ఇబ్బంది కాదు. రెండోది బేరం సంగతి. ఓ3బీ మొదటి ఉపగ్రహాలు పోయిన 2013లో ఎల్‌వీఎం3 ఇంకా ఎగరనే లేదు. రాకెట్‌ను ఏళ్ల ముందే మాట్లాడుకుంటారు. అప్పుడు మన దుకాణం తెరవలేదు.

తెరిచాక ఏం జరిగిందో చూశాం. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలై సోయజ్ దారి మూసుకుపోగానే శాటిలైట్ ఇంటర్నెట్ సంస్థ వన్‌వెబ్ వాళ్లు మన దగ్గరికి వచ్చారు. 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న 36, మొత్తం 72 బ్రాడ్‌బ్యాండ్ ఉపగ్రహాల్ని ఎల్‌వీఎం3 మోసుకెళ్లింది. ఒక్కో విడత బరువు 5.8 టన్నులు. నాలుగేసి చొప్పున తొమ్మిది సార్లు, ఒకదానికొకటి తగలకుండా దిశ మార్చుకుంటూ విడిచిపెట్టింది. అది దిగువ కక్ష్య, నిజమే. కానీ బ్రాడ్‌బ్యాండ్ ఉపగ్రహాల గుంపును జాగ్రత్తగా దించే పని మనకు వచ్చని లోకానికి తెలిసింది ఆ రెండు రోజుల్లోనే. షార్‌లో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 3,985 కోట్లు మంజూరు చేసింది. మధ్య కక్ష్య ఉపగ్రహం ఒకటి పులికాట్ మీదుగా లేవడం నేను రిటైరయ్యేలోపు చూడాలని ఉంది.

ఆ ఎత్తులో రేడియేషన్ ఎక్కువట కదా?

ఎక్కువే. భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి, అంతరిక్షం నుంచి వచ్చే విద్యుదావేశ కణాల్ని పట్టి భూమి చుట్టూ గారెల్లా రెండు వలయాలుగా ఉంచుతుంది. వాటిని వాన్ అలెన్ పట్టీలు అంటారు. దిగువ కక్ష్య చాలావరకు వాటికి కిందే ఉంటుంది. మధ్య కక్ష్య వాటి మధ్యలో కాపురం పెట్టినట్టు.

ఇప్పుడు టెల్‌స్టార్ కథ. అది ఎగరడానికి సరిగ్గా ఒకరోజు ముందు, 1962 జూలై 9న, అమెరికా స్టార్‌ఫిష్ ప్రైమ్ పేరుతో అంతరిక్షంలో అణుబాంబు పేల్చి పరీక్షించింది. దాంతో ఆ పట్టీల్లోకి కణాలు కుప్పలుగా వచ్చి చేరాయి. టెల్‌స్టార్‌లోని ట్రాన్సిస్టర్లు దెబ్బతిని, 1963 ఫిబ్రవరికల్లా అది మూగబోయింది. ఈ విషయం చెప్పినప్పుడు క్లాసులో ఎప్పుడూ కాసేపు నిశ్శబ్దం. నాకూ ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

అందుకే మధ్య కక్ష్యకు వెళ్లే ఎలక్ట్రానిక్స్‌ను ప్రత్యేకంగా తయారుచేస్తారు. చిప్పులకు కవచం వేస్తారు, ఒకటి పాడైతే ఇంకొకటి అందుకునేలా జతలు పెడతారు, సోలార్ పలకలు ఏటా కొంత బలం కోల్పోతాయని ముందే లెక్క వేసుకుంటారు. ఇంత చేసినా తిప్పలు తప్పవు. ఎంపవర్ మొదటి ఉపగ్రహాల్లో విద్యుత్ సరఫరా భాగాలు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని 2023లో ఎస్‌ఈఎస్ స్వయంగా ప్రకటించింది. తర్వాతి వాటిని మార్చి కట్టారు, అదనంగా రెండు చేర్చారు. పైకి పోయి బాగుచేసే వీల్లేని చోట ఒక చిన్న పవర్ మాడ్యూల్ విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

అవి మన తిరుపతి మీదుగా పోతాయా? కంటికి కనిపిస్తాయా?

కంటికి కనిపించవు, మరీ దూరం. సాయంత్రం వేళ లైట్ల రైలులా పోయేవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు, అవి దిగువ కక్ష్యలోవి.

మన నడినెత్తి మీదుగా కూడా పోవు. భూమధ్యరేఖ మీదుగా తిరుగుతాయి కాబట్టి మనకు దక్షిణం వైపు ఆకాశంలో పోతాయి. ఇంకో విచిత్రం ఉంది. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు అన్నీ తూర్పున పుట్టి పడమట కుంకుతాయి. ఇవి పడమట పుట్టి తూర్పున కుంకుతాయి. భూమి ఒక చుట్టు తిరిగేలోపు ఇవి ఐదు చుట్లు తిరుగుతాయి కాబట్టి మనల్ని దాటుకుంటూ తూర్పుకు పోతాయి. ఒక చుట్టుకు 288 నిమిషాలు పడుతుంది. మనమూ తూర్పుకే కదులుతున్నాం కాబట్టి ఒకే ఉపగ్రహం మనకు ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అంచు నుంచి అంచుకు దాటడానికి రెండు గంటలు.

మరి ఒకటి కుంకిపోగానే లైన్ తెగిపోదా?

తెగనివ్వరు. నేల మీద రెండు డిష్‌లు పెడతారు. ఒకటి తూర్పుకు దిగిపోతున్న ఉపగ్రహాన్ని వెంబడిస్తూ ఉంటే, రెండోది పడమట లేస్తున్న దాన్ని పట్టుకుంటుంది. కొత్తది దొరికాకే పాతదాన్ని వదులుతుంది. తర్వాత మొదటి డిష్ వెనక్కి తిరిగి పడమటికి వచ్చి కాచుకుంటుంది. కదిలే భాగాలు లేకుండా, పలకలా ఉండి సిగ్నల్ దిశను మాత్రమే తిప్పే యాంటెన్నాలూ వచ్చాయి.

వాన పడితే పనిచేస్తుందా? మనకు కార్తీకంలో వానలు కదా.

సూటిగా చెప్పాలంటే, జడివానలో తగ్గుతుంది. ఈ ఉపగ్రహాలు వాడేది కేఏ బ్యాండ్ అనే రేడియో తరంగాల వరుస. దాని తరంగం పొడవు సెంటీమీటరు, సెంటీమీటరున్నర. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు. రెండూ దగ్గర దగ్గర కొలతలు కావడంతో చినుకులు తరంగాన్ని మింగుతాయి, చెదరగొడతాయి. వాన పెరిగినప్పుడు వేగం తగ్గించి, బలం పెంచి లైన్ నిలబెట్టే ఏర్పాట్లు ఉంటాయి. కుండపోతలో అవీ కాసేపు చాలవు. ఉష్ణమండలపు వానను, గాలిని కొలవడానికే మనకు ఒక జాతీయ సంస్థ ఉంది, చిత్తూరు దారిలో గాదంకి దగ్గర. అక్కడి పొలంలో 1,024 యాంటెన్నాలు బారులు తీరి ఉన్న రాడార్‌ను అవకాశం దొరికితే పిల్లలకు చూపించండి.

కానీ వానలో నేను చూసిన అసలు నష్టం వేరు. 2021 నవంబరు వరదల్లో మా వీధుల్లో నీళ్లు మోకాళ్లు దాటాయి. అప్పుడు ఆగిపోయింది సెల్ టవర్. కరెంటు పోయింది, దానికి వచ్చే ఫైబర్ కూడా ఎక్కడో తెగింది. కొండ దిగువ పల్లెలో ఉన్న మా స్కూలు పాప ఒకతె క్షేమమో కాదో రెండు రోజులు తెలియలేదు. ఫోన్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగిన ఆ రాత్రి నాకు ఇంకా గుర్తే. వాన గంటలో వెలుస్తుంది, ఉపగ్రహం లైన్ తిరిగి వస్తుంది. కొట్టుకుపోయిన కేబుల్ గంటలో రాదు. ఈ సాంకేతికత మీద నాకు ఇంత ఆసక్తి కలిగింది ఆ వారంలోనే.

మన దేశంలోకి వచ్చిందా? మా ఇంటికి పెట్టించుకోవచ్చా?

జియో, ఎస్‌ఈఎస్ కలిసి 2022లో ఒక ఉమ్మడి సంస్థ పెట్టాయి. 2023 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన ఇండియా మొబైల్ కాంగ్రెస్‌లో జియో స్పేస్ ఫైబర్ పేరుతో దాన్ని చూపించారు. గుజరాత్‌లోని గిర్, ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా, ఒడిశాలోని నవరంగ్‌పూర్, అస్సాంలోని జోర్హాట్ ప్రాంతాలను మధ్య కక్ష్య ద్వారా కలిపామని అప్పుడు చెప్పారు. ఇలాంటి సేవలకు ప్రైవేటు అంతరిక్ష పనులను చూసే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి, టెలికాం శాఖ లైసెన్సు కావాలి. స్పెక్ట్రమ్‌ను, అంటే సేవకు వాడే రేడియో తరంగాల వాటాను, వేలం లేకుండా ప్రభుత్వమే కేటాయించేలా 2023 టెలికాం చట్టంలో రాశారు.

ఇంటికి పెట్టించుకోవడం గురించి నా అభిప్రాయం దాచను. తిరుపతి, చిత్తూరు, పలమనేరు లాంటి చోట్ల ఫైబర్ వచ్చే ఇంటికి ఇది అక్కర్లేదు. ఫైబర్ చవక, వేగం, నమ్మకం. మధ్య కక్ష్య బలం వేరే చోట ఉంది. రెండు తిరిగే డిష్‌లు ఒక ఇంటికి భారం, కానీ ఒక ఊరి సెల్ టవర్‌కో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఓడకో తగినవి. ఓ3బీకి మొదటి ఖాతాదారు పసిఫిక్ నడుమ ఉన్న కుక్ దీవుల టెలికాం సంస్థ. పెద్ద ప్రయాణికుల ఓడలు కూడా తొలి రోజుల నుంచే వాడుతున్నాయి. శేషాచలం లోయల్లో, కుప్పం వైపు అడవి అంచు గూడేల్లో టవర్ ఉండి దానికి లైన్ లేని చోట ఇది పనికొస్తుంది. జనం చేతిలో మామూలు ఫోనే ఉంటుంది. టవర్ వెనక ఉన్నది ఆకాశమని వాళ్లకు తెలియాల్సిన అవసరం కూడా లేదు.

పాతబడ్డాక కిందపడతాయా?

పడవు. దిగువ కక్ష్యలో పలచగానైనా గాలి ఉంటుంది, అది రాపిడితో కిందికి లాగుతుంది. 8,000 కిలోమీటర్ల దగ్గర ఆ సాయం లేదు. వదిలేస్తే మన మనవల మనవల తర్వాత కూడా అక్కడే తిరుగుతుంటాయి. అందుకే చివరి ఇంధనంతో దారి నుంచి పక్కకు జరపడానికి ముందే కొంత మిగిల్చి ఉంచాలి.

మా పాపకు ఇదంటే ఇష్టం. ఏం చదివించాలి?

తొమ్మిదో తరగతిలో ఉంటే ఇస్రో వాళ్ల యువిక శిబిరానికి దరఖాస్తు పెట్టించండి, అది 2019 నుంచి నడుస్తోంది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ వదలకండి. తర్వాత తిరువనంతపురంలో ఇస్రో చదువుల కోసమే ఉన్న ఐఐఎస్‌టీ ఉంది. ఆడపిల్లకు ఎందుకులే అని మాత్రం నా దగ్గర అనకండి.

ప్రయోగం ఎక్కడి నుంచి చూస్తే బాగుంటుంది?

షార్‌లో 2019లో జనం కోసం గ్యాలరీ తెరిచారు. ప్రయోగానికి ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు తొందరగా అయిపోతాయి. తిరుపతి మిద్దెల మీద నుంచి కూడా మబ్బు లేకపోతే తూర్పున గీత కనిపిస్తుంది. గీటు గీసినట్టు కొలిస్తే మనకు శ్రీహరికోట 90 కిలోమీటర్ల లోపే.

నేను మాత్రం సూళ్లూరుపేటలో మా బావగారి మిద్దె ఎక్కుతాను. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు తిరుమలకు రాకెట్ నమూనా తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టించడం, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లడం మనందరికీ తెలిసిందే. మా అక్క కూడా ఆ రోజు పొద్దున్నే గుడికి వెళ్లి వచ్చి, నా చేతిలో కుంకుమ పెట్టాకే మెట్లు ఎక్కనిస్తుంది. రాత్రి ప్రయోగమైతే ముందు తూర్పు అంతా ఒక్కసారిగా నారింజ రంగు అవుతుంది. కొబ్బరి మట్టల నీడలు గోడ మీద పడి కదులుతాయి. శబ్దం ఉండదు. ఒక నిమిషం పైగా అంతా మౌనంగా చూస్తాం, ఎందుకంటే 23 కిలోమీటర్లు దాటి రావడానికి శబ్దానికి అంతసేపు పడుతుంది. అప్పటికి రాకెట్ చుక్కంత అయిపోయి ఉంటుంది. అప్పుడొస్తుంది మోత. నీళ్ల ట్యాంకు మూత గడగడలాడుతుంది, కిటికీ రెక్కలు వణుకుతాయి, అరికాళ్లకు మిద్దె అదురు తెలుస్తుంది.

మా ఊరికి ఆ ఉపగ్రహాలు అడ్డం లేకుండా కనిపిస్తాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

పరికరం అక్కర్లేదు, మీ పిడికిలి చాలు. చెయ్యి ముందుకు చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. తిరుపతి నుంచి ఈ ఉపగ్రహాలు ఎక్కువలో ఎక్కువ 66 డిగ్రీల ఎత్తుకు, దక్షిణాన వస్తాయి.

మిద్దె ఎక్కండి. కొండకు ఒక దండం పెట్టుకుని వెనక్కి తిరగండి, తిరుపతిలో అదే దక్షిణం. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ ఆరున్నర పిడికిళ్లు లెక్కపెట్టండి. ఉపగ్రహం దాటేది అక్కడ. ఇప్పుడు అక్కడి నుంచి కుడిచేతి వైపు పడమటి అంచు దాకా, ఎడమచేతి వైపు తూర్పు అంచు దాకా ఒక ఇంద్రధనుస్సు గీయండి, రెండు కొసల్లోనూ కాస్త దక్షిణానికి ఒరిగి. ఆ గీత మీద చెట్టు, గుట్ట, పక్కింటి మూడో అంతస్తు ఎక్కడ అడ్డం వచ్చిందో రాసుకోండి. తిరుపతి ఊరికి కొండ ఉత్తరాన ఉంది కాబట్టి చాలా ఇళ్లకు అడ్డం రాదు. తలకోన లాంటి లోయలో తూర్పు పడమరల గుట్టలు రెండేసి మూడేసి పిడికిళ్లు మింగేస్తాయి, అక్కడ డిష్‌ను గుట్ట మీదికి ఎక్కించాలి. మీ ఊరి కొలత రాసుకున్న కాగితం పిల్లలతో నాకు పంపండి, మా క్లాసు గోడ మీద మండలం పటం పక్కన అంటిస్తున్నాం.